తలకు దెబ్బ తగిలిన వారికి ప్రభుత్వ సాయం: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

(తగరపువలసలో రోగుల కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్న వారిలో చాలామంది నాకు తెలుసు. ఐ.సి.యు. బయట బల్లల మీద రాత్రుళ్లు గడిపిన వారే మీరంతా. మీలో ఒకరి భర్తకు, ఒకరి కొడుకుకు, ఒకరి తమ్ముడికి తలకు దెబ్బ తగిలింది. నేను డాక్టరును కాను, వకీలును కాను. రోగుల కాగితాలు చూసే మనిషిని. అందుచేత మందుల గురించి కాక కాగితాల గురించి, డబ్బు గురించి మాట్లాడతాను. వినడానికి చప్పగా ఉంటుంది. కాని మీ ఇంటి అన్నం దీనిమీదే ఆధారపడి ఉండవచ్చు.

లూకా సువార్త పదో అధ్యాయంలోని సమరయుని కథ మీకు తెలుసు. దారిలో దెబ్బలు తిని పడివున్న మనిషికి అతడు గాయాలు కట్టాడు, తన పశువు మీద ఎక్కించి తీసుకెళ్లాడు. మనం అక్కడివరకే చెప్పుకొని ఆపేస్తాం. మర్నాడు అతడు చేసిన పని ఇంకా పెద్దది. పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. గాయం కట్టిన తర్వాత రెండో ఖర్చు ఒకటి ఉంటుందని అతనికి తెలుసు. తలకు తగిలిన గాయాల్లో ఈ రెండో ఖర్చే ఎక్కువ. మొదటి ఖర్చుకు ప్రభుత్వం ఆసుపత్రిలోనే ఎదురొస్తుంది. రెండోదానికి మనమే వెతుక్కుంటూ వెళ్లాలి.

ఆ మధ్య ఒక తల్లి తన కొడుకును డిశ్చార్జి చేయించుకొని, "ఆపరేసను అయిపోనాది సిస్టరమ్మా, ఇంటికెల్లిపోతన్నాం" అని దండం పెట్టి వెళ్లింది. మోటారు సైకిలు మీద వెళుతుంటే హైవే మీద వ్యాను కొట్టిన కేసు. నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది. "గుంటడు నడుస్తన్నాడు, తింతన్నాడు. గాని ఆడు మా గుంటడు కాడమ్మా, వేరే మడిసి" అంది. వీధి చివరి కొట్టుకు వెళ్లి ఇంటికి దారి మర్చిపోతున్నాడు. ఇరవై రూపాయలకు చిల్లర లెక్క కట్టలేడు. చెల్లెలి మీద చెయ్యి చేసుకున్నాడు, అంతకు ముందు ఎన్నడూ అలా చేసినవాడు కాదు. పనిలోకి వెళితే రెండో రోజే పంపేశారు. వైకల్య పరీక్షకు తీసుకువెళ్లింది. అక్కడ కాళ్లూ చేతులూ చూసి, బాగానే ఉన్నాడని చాలా తక్కువ శాతం వేశారట. "బాగానే ఉంటే నానెందుకు తెత్తాను?" అని నన్ను అడిగింది.

ఆమె ప్రశ్నకు జవాబు ఇది. తలగాయానికి మన చట్టాల్లో సొంత పేరు లేదు. అమెరికాలో 1996లో తలగాయాల పేరుతోనే ఒక చట్టం చేసి, ఆ గాయాలతో బతికే వారి సేవలకు రాష్ట్రాలకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టారు. మన దగ్గర వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 వైకల్యాల జాబితా ఉంది. మొత్తం చదివినా తలగాయం అనే మాట కనబడదు. అంటే సాయం లేదని కాదు. అది వేరే పేర్లతో, ముక్కలు ముక్కలుగా, వేర్వేరు ఆఫీసుల నుంచి వస్తుంది. ఏ ముక్క ఏ గుమ్మంలో ఉందో తెలిసినవారికి దొరుకుతుంది. తెలియనివారు తల్లి బంగారం అమ్ముకుంటారు.

మొదటి రాత్రితో మొదలుపెడదాం. మనిషిని తేగానే కాజువాలిటీలో "ఎలా జరిగింది?" అని అడుగుతారు. పోలీసు కేసు ఎందుకులే అనో, బండికి కాగితాలు లేవనో, తాగి ఉన్నాడనో మనవాళ్లు "బాత్రూంలో జారి పడ్డాడు" అంటారు. ఆ ఒక్క మాట కేసు షీటు మీద పడిందంటే ఆ తర్వాత రోడ్డు ప్రమాదానికి వచ్చే ప్రతి సాయానికీ అడ్డు తగులుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎం.ఎల్.సి. నమోదైందా అని అడగండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోండి. వూండ్ సర్టిఫికెట్, సి.టి. స్కాన్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు ఒకే సంచిలో పెట్టండి. డిశ్చార్జి సమ్మరీలో జి.సి.ఎస్. అనే అంకె ఉందో లేదో చూసుకోండి. స్పృహ ఎంత ఉందో కొలిచే లెక్క అది, 3 నుంచి 15 వరకు ఉంటుంది. 8, అంతకంటే తక్కువైతే తీవ్రమైన గాయం. 9 నుంచి 12 మధ్యస్థం. 13 పైన స్వల్పం అంటారు. రెండేళ్ల తర్వాత ఎవరైనా "ఎంత పెద్ద దెబ్బ?" అని అడిగితే మీ కన్నీళ్లు సాక్ష్యం కావు. ఆ అంకే సాక్ష్యం.

చికిత్స ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. అది మీలో చాలామందికి తెలుసు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో తల ఆపరేషన్లు, ప్రమాద చికిత్సలు ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని వైద్యమిత్ర దగ్గరికి వెళ్లండి. మీవాడికి జరిగిన ఆపరేషనుకు డిశ్చార్జి తర్వాత ఫాలో అప్ ప్యాకేజీ ఉందా అని కూడా అప్పుడే అడగండి. ఈ ప్రశ్న అడగకుండా వెళ్లిపోయి, ఫిట్సు మందులు సొంత డబ్బుతో కొనుక్కునే వారిని చూశాను.

దానికి తోడు 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం మరో పథకం ప్రకటించింది. మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, మనిషికి లక్షన్నర రూపాయల దాకా నిర్ణయించిన ఆసుపత్రుల్లో నగదు లేకుండా చికిత్స. పేదా ధనికా అన్న తేడా లేదు. పోలీసుల ధ్రువీకరణ మాత్రం కావాలి. బాత్రూం కథ చెప్పవద్దన్నది ఇందుకు కూడా.

ఇక నష్టపరిహారం. ఇది నేరుగా గ్రాంటు కాదు, బీమా కంపెనీ నుంచి వచ్చే సొమ్ము. అయినా ఈ కుటుంబాలకు వచ్చే వాటిలో పెద్ద మొత్తం ఇదే కాబట్టి కాసేపు దీని దగ్గర ఆగుతాను.

కొట్టిన బండి తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ గడువు అమలులోకి వచ్చింది. దీనిమీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు పడ్డ మాట నిజమే. వాటిని నమ్ముకొని మీరు కూర్చోవద్దు. తలగాయం వారికి ఈ ఆరు నెలలు ఎలా పోతాయో నాకు తెలుసు. రెండు నెలలు ఆసుపత్రి, రెండు నెలలు మంచం, ఆ తర్వాత ఇంకో రెండు నెలలు "బాగవుతాడులే" అనే ఆశ. నిరీక్షణ మంచిదే. దరఖాస్తు వేసి నిరీక్షించండి. తప్పు ఎవరిదో తేల్చుకొనే ఓపిక లేకపోతే అదే చట్టంలో 164వ సెక్షను ఉంది. తప్పు రుజువు చేయనక్కరలేదు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. కాని అది తీసుకుంటే పెద్ద కేసు దారి మూసుకుపోతుంది. మనిషి కోలుకోడని అనుమానం ఉన్నప్పుడు తొందరపడి దానికి ఒప్పుకోవద్దు. వకీలును అడిగి నిర్ణయించుకోండి.

కొట్టి వెళ్లిపోయిన బండి ఏదో తెలియకపోతే? "బండే తెలీదు, ఎవర్ని అడుగుతాం" అని వదిలేస్తారు. ప్రభుత్వ పథకం ఉన్నది సరిగ్గా ఇక్కడే. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి ప్రమాదంలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తున్నారు. అంతకు ముందు గాయానికి 12,500 మాత్రమే ఉండేది. దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటి రెవెన్యూ అధికారికి ఇవ్వాలి, మీరు కాపురముండే చోట కాదు. మన వైపు హైవే మీద జరిగితే భీమునిపట్నం రెవెన్యూ డివిజను. ఇంకాస్త ముందుకెళ్లి భోగాపురం దగ్గర జరిగితే విజయనగరం జిల్లా. మంజూరు చేసేది కలెక్టరు. ఈ పథకం వాడుకునేవారు చాలా తక్కువమంది ఉన్నారని 2024 జనవరిలో సుప్రీంకోర్టు గమనించి, నెల లోపల బండి ఆచూకీ తెలియకపోతే ఈ పథకం సంగతి పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని ఆదేశించింది. మీకు అలాంటి కాగితం అందకపోతే స్టేషనుకు వెళ్లి మర్యాదగా అడగండి.

ఒక తీర్పు గురించి చెప్పాలి. ఇది ముఖ్యంగా ఆడవాళ్లు వినాలి. హర్యానాలో 2007లో ఒక పన్నెండేళ్ల బాలికకు ప్రమాదంలో మెదడు బాగా దెబ్బతింది. వయసు పెరిగినా పసిబిడ్డ స్థితిలోనే ఉండిపోయింది. ట్రిబ్యునల్ 11 లక్షల పైచిలుకు ఇచ్చింది. హైకోర్టు 25 లక్షలు దాటించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 62 లక్షలు దాటించింది. అందులో 21 లక్షల 60 వేలు ఆ పిల్లను చూసుకునే మనుషుల కోసం. నెలకు ఐదు వేల చొప్పున ఇద్దరికి, 18 ఏళ్ల లెక్క కట్టారు. మీలో ఎందరో భర్తకో కొడుక్కో రాత్రింబవళ్లు చేస్తున్న పనికి కోర్టు కట్టిన వెల అది. "నేనే చూసుకుంటున్నాను కదా, దానికి డబ్బేమిటి" అనకండి. మీ దరఖాస్తులో సహాయకుల ఖర్చు అనే పద్దు రాయించండి.

వకీలు ఫీజు ఇవ్వలేని వారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్.సి., ఎస్.టి. వారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆసుపత్రి గేటు దగ్గర తిరిగే ఏజెంట్లకు మాత్రం ఖాళీ కాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని ఇవ్వవద్దు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు తిరిగి వస్తాను. నెలనెలా వచ్చే సాయానికి తాళంచెవి సదరం సర్టిఫికెట్. స్లాటు సచివాలయంలోగాని మీసేవలోగాని తీసుకుంటారు. గాయమైన వెంటనే వెళితే లాభం లేదు. ఇక మారదు అనిపించే దశ వచ్చాకే శాశ్వత వైకల్యం లెక్క కడతారు. 40 శాతం దాటాలి. చెయ్యి, కాలు పడిపోతే ఎముకల డాక్టరు చూసి శాతం వేస్తారు, అందులో పేచీ తక్కువ. మాట పడిపోతే? మాట, భాష కోల్పోవడం ఆ 21లో విడిగా ఉంది. మెదడు దెబ్బ వల్ల మాట పోవడం కూడా అందులోకే వస్తుంది. మరి జ్ఞాపకం పోతే, కోపం ఆపుకోలేకపోతే, మంచీ చెడూ తెలియకపోతే? చట్టంలో మానసిక అనారోగ్యం అనే పేరు కింద ఆలోచన, జ్ఞాపకం, విచక్షణ దెబ్బతినడం ఉన్నాయి. చాలామంది ఇంటివారు "మావాడు పిచ్చివాడు కాడు" అని ఆ పేరు దగ్గర వెనక్కి తగ్గుతారు. అందులో పరువు తక్కువ ఏమీ లేదమ్మా. అది ఒక గది పేరు, అంతే. మానసిక వైద్యుని పరీక్ష కావాలని మీరే అడగండి.

అడిగితే సరిపోదు, చూపించాలి. పది నిమిషాల పరీక్షలో మీవాడు నవ్వుతూ పేరు, ఊరు చెప్పేస్తాడు. ఇంట్లో రాత్రి రెండు గంటలకు జరిగేది డాక్టరుకు ఎలా తెలుస్తుంది? అందుకని ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ వేసి రెండు ముక్కలు రాయండి: దారి తప్పాడు, పొయ్యి ఆర్పడం మర్చిపోయాడు, స్నానం చెయ్యమంటే కొట్టాడు, ఫిట్సు వచ్చింది. చదువురాని వారు పిల్లల చేత రాయించండి. ఆ తల్లి ఇంటర్ చదివే కూతురి చేత మూడు నెలలు రాయించింది. రెండోసారి వెళ్లినప్పుడు మానసిక వైద్యుడు ఆ పుస్తకం పేజీలు తిప్పి చూశారట. 40 దాటింది. పింఛనుకు దరఖాస్తు పెట్టాం, ఇంకా మంజూరు కాలేదు.

ఇంకో లెక్క కూడా తెలుసుకోండి. ఒకే మనిషికి రెండు లోపాలు ఉంటే రెండిటినీ కలిపి శాతం కట్టే సూత్రం ఉంది. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేయాలి. మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించాలి. వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలపాలి. ఉదాహరణకు చేతికి 30, మాటకు 30 అనుకోండి. విడివిడిగా ఏదీ 40కి చేరదు. కలిపితే 50 అవుతుంది. ఒక డాక్టరు దగ్గరే చూపించుకొని వచ్చేసేవారు ఇక్కడే నష్టపోతున్నారు. తలగాయం ఒక్క అవయవానికి తగిలేది కాదు, అందుచేత ఒక్క గదితో దాని లెక్క తేలదు.

సర్టిఫికెట్ వచ్చాక పింఛను. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవారికి నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి, ప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిని ఆ స్థితిలో ఉన్నవారికి 15,000. పింఛను వస్తోంది కదా అని పాత ఆసుపత్రి కాగితాలు పారేయకండి. 2025 జనవరి నుంచి ఇళ్లకు డాక్టర్లను పంపి మళ్లీ పరీక్షలు చేశారు. ఆగస్టులో కొందరికి నోటీసులు వచ్చాయి, అప్పీలు చేసుకొనే అవకాశం కూడా ఇచ్చారు. అప్పీలులో గెలిపించేది స్కాను రిపోర్టు, ఆ నోటుపుస్తకం.

ఉద్యోగం చేసేవారి సంగతి రెండు మాటలు. ఫ్యాక్టరీలో ఇ.ఎస్.ఐ. కోత పడుతున్న వారికి పనిలో గాని, ఇంటి నుంచి పనికి వెళ్లి వచ్చే దారిలో గాని ప్రమాదం జరిగితే, పనిచేయలేని కాలానికి జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. షిఫ్టుకు వెళుతూ జరిగిన ప్రమాదాన్ని చాలామంది సొంత ప్రమాదం అనుకొని కంపెనీకి చెప్పరు. చెప్పండి, అదీ రాతలో. ఇక బ్యాంకు పుస్తకంలో ఏడాదికి ఒకసారి 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. రెండు కాళ్లో, రెండు చేతులో పూర్తిగా పనిచేయకుండా పోతే 2 లక్షలు వస్తాయి. జ్ఞాపకం పోతే మాత్రం దానిలో ఏమీ రాదు. ఇక్కడ కూడా తలగాయానికి పేరు లేదు చూశారా. బడి వయసు పిల్లలకు దెబ్బ తగిలి ఉంటే మండలంలోని భవిత కేంద్రంలో అడగండి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇన్ని గుమ్మాలు తిరగవలసి రావడం న్యాయం కాదు. తలకు దెబ్బ తగిలిన మనిషికి ఒకే పేరు, ఒకే కాగితం, ఒకే కిటికీ ఉండాలి. మంచం పట్టినవాడిని ఇంట్లో వదిలి ఒక స్త్రీ ఐదు ఆఫీసులు ఎలా తిరుగుతుంది? అది మారే రోజు కోసం ప్రార్థన చేద్దాం, ప్రజాప్రతినిధులను అడుగుదాం కూడా. అప్పటిదాకా మీరు ఒక్కరే తిరగకండి. సంఘంలో చదువుకున్న యువకులు ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒకరిని తోడు రమ్మని అడగడానికి సిగ్గుపడకండి.

టీ తెస్తున్నారు. సంచులు తెచ్చుకున్న వారు కాగితాలు తేదీల వరసలో పెట్టుకొని ఈ బల్ల దగ్గరికి రండి. ప్రమాదం జరిగి ఐదో నెల నడుస్తున్న వారు ముందు రండి. మిగిలిన వారు కూర్చోండి, అందరివీ చూసే వెళతాను.